వాడంతా విన్న ఉత్తరం

పోయిన వారం పద్మలతను పోస్టు డబ్బా దగ్గర వదిలిపెట్టాం. ఉత్తరం డబ్బాలో పడిన చప్పుడు విని, కొంగు సవరించుకుని, పెద్ద బరువేదో దించుకున్న మనిషిలా ఆమె ఇంటిదారి పట్టింది.

ఈ రోజుల్లో ఉత్తరాలేమిటని కొత్తగా చదివేవాళ్లు అడగవచ్చు. కేసముద్రంలో ఉన్న పద్మలత తల్లి సమ్మమ్మకు చెవులు పూర్తిగా పోయాయి. ఫోను ఆమెకు పనికిరాదు. కళ్లు మాత్రం ఇప్పటికీ సూదిలో దారం ఎక్కిస్తాయి. అందుకని పద్మలత ప్రతి వారం ఒక ఉత్తరం రాస్తుంది. కూతురు అనూష పదో తరగతి చదువు, భర్త రమాకాంత్ కోపాలు, ఇంట్లో చెడిపోయిన మోటారు, అన్నీ అందులో ఉంటాయి. ఎక్కువగా ఉండేది మాత్రం అత్తగారు నిర్మల.

వాళ్లకు వరంగల్‌లో బట్టల దుకాణం ఉంది. మామగారు పోయినప్పటి నుంచి గల్లా ముందు కుర్చీ నిర్మలదే. ఆ కుర్చీలో కూర్చునే ఆమె కొడుకును పెంచింది, దుకాణాన్ని నిలబెట్టింది. ఇప్పుడు దుకాణానికి పై అంతస్తు లేచింది. వచ్చే వారమే ముహూర్తం. పై అంతస్తు తెరిచిన రోజు నుంచి అత్తమ్మను గల్లా మీద కూర్చోబెట్టవద్దని, ఆమెకు రెస్టు కావాలని, పద్మలతే భర్త చెవిన వేసింది. రమాకాంత్ సరేనన్నాడు. ఆ కుర్చీ ఇక పద్మలతది. నిర్మలకు ఈ సంగతి తెలియదు. పోయిన వారం డబ్బాలో పడిన ఉత్తరం నిండా ఉన్నది ఇదే.

ఆ ఉత్తరం ఇంకా దారిలో ఉండగానే, ఆదివారం అన్నం దగ్గర నిర్మల ఒక మాట అంది. వియ్యపురాలిని కార్డు ఇచ్చి పిలవడం తనకు నచ్చదని, తానే కేసముద్రం వెళ్లి బొట్టు పెట్టి పిలిచి వస్తానని. భర్త పోయినవాళ్లు బొట్టు పెట్టకూడదన్న మాటను ఆమె ఏనాడూ లెక్కచేయలేదు. ఎండలు ముదిరాయని పద్మలత అడ్డం చెప్పబోయింది. ఎండలు తనకు కొత్త కాదని నిర్మల అంది. మర్నాడు అనూషకు పరీక్ష లేదు కాబట్టి ఆ రోజే ఇద్దరూ వెళ్లి సాయంత్రానికి తిరిగి రావాలని, మంగళవారం మళ్లీ పరీక్ష ఉంది కాబట్టి పద్మలత ఇంట్లో ఉండాలని ఆమే తేల్చేసింది. ఆ ఇంట్లో ఏదైనా తేల్చేది ఇంకా ఆమే.

సోమవారం పొద్దున్న నిర్మల చాయ్ తాగలేదు. రైల్లో కోడలు నీళ్ల సీసా తీసి ఇస్తే తల అడ్డంగా ఊపింది. నెక్కొండ దాటేసరికి ఆమె పెదాలు ఎండిపోయాయి. పద్మలత మళ్లీ ఇవ్వలేదు. ఎందుకు తాగడం లేదో ఆమెకు తెలుసు. ఆమె ఒక్కదానికే తెలుసు.

ఏడాదిగా నిర్మలకు ఒంటికి వస్తే ఆగడం లేదు. ఒక తెల్లవారుజామున తడిసిన దుప్పటి తానే పిండుకుంటూ కోడలికి దొరికిపోయింది. అప్పుడు కోడలి చేయి పట్టుకుని, అనూష మీద ఒట్టు వేయించుకుంది, రమాకాంత్‌కు కూడా చెప్పవద్దని. దవాఖానకు పోదామంటే ససేమిరా అంది. అప్పటి నుంచి ఇంట్లో ఎవరూ లేవకముందే పద్మలత ఆ దుప్పట్లు ఉతికి, మేడ మీద మిగతా బట్టల చాటున ఆరేస్తుంది. ఇవాళ కూడా ఆమె సంచి అడుగున, పసుపు కుంకుమల కింద, అత్తగారి కోసం ఒక జత బట్టలు ఉన్నాయి. ఇదంతా పద్మలత మనస్ఫూర్తిగానే చేస్తుంది. అది కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం.

మరి ఒట్టు? రమాకాంత్‌కు చెప్పలేదు కదా. అమ్మకు రాస్తే చెప్పినట్టు ఎలా అవుతుందని పద్మలత తనకు తాను సర్దిచెప్పుకుంది. చెవులు లేని మనిషి, గడప దాటని మనిషి, ఎవరితో అంటుంది? మనసులో ఉన్నది ఎక్కడో ఒకచోట కక్కుకోకపోతే బతకడం ఎట్లా?

కేసముద్రంలో దిగి, ఆటో దొరక్క, ఇద్దరూ నడిచే వాడలోకి వచ్చారు. మధ్యాహ్నం అన్నాలు అయిపోయిన వేళ. ఈ కాలంలో ఆ వాడలో ఆడవాళ్లంతా మిరపకాయల తొడిమలు తీస్తూ ఉంటారు. ఘాటుకు నిర్మల కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. మలుపు తిరగకముందే సమ్మమ్మ గొంతు వినిపించింది. అమ్మ ఎవరినో కేకలేస్తోందనుకుని పద్మలత నవ్వుకుంది. ఇంకో నాలుగు అడుగులు వేశాక మాటలు తెలిశాయి.

"అమ్మా, ఈ ముచ్చట నీ కడుపుల పెట్టుకో. ఎవ్వలకు చెప్పకు."

ఆ మాటలు వాడ ఈ చివర నుంచి ఆ చివరకు వినిపించాయి.

సమ్మమ్మ చదువు నేర్చింది పెద్దవాళ్ల రాత్రి బడిలో. అక్కడ అందరూ కలిసి పైకి చదివేవాళ్లు. అందుకని ఆమెకు చదవడమంటే గొంతుతో చదవడమే. చెవులు బాగున్న రోజుల్లో గొణుగుతున్నట్టు చదువుకునేది. వినికిడి తగ్గుతున్న కొద్దీ తన మాట తనకు వినపడాలని గొంతు పెంచింది. చివరికి అదీ వినపడకుండా పోయింది. గొంతు మాత్రం అక్కడే నిలిచిపోయింది. తను మెల్లగా, మనసులోనే చదువుకుంటున్నానని ఆమె నమ్మకం. ఎవరూ కాదని చెప్పలేదు. చెబితే ఆమె చిన్నబుచ్చుకుంటుందని కొంత, ఇంత మంచి కాలక్షేపం పోతుందని కొంత.

ఈ సంగతి కన్నకూతురికి తెలియకపోవడం ఏమిటంటే, తెలిసే దారి లేదు. పద్మలత పుట్టింట్లో ఉన్నప్పుడు ఉత్తరం ఉండదు, ఉత్తరం ఉన్నప్పుడు పద్మలత ఉండదు. తమ్ముడు, మరదలు మార్కెట్ యార్డు దగ్గర టిఫిన్ సెంటర్ నడుపుతారు. పొద్దున్న పోతే చీకటి పడ్డాకే రావడం.

"అత్తమ్మకు ఒంటికి వస్తే ఆగుతలేదు," అని సమ్మమ్మ చదివింది, వేలు అక్షరాల కింద జరుపుకుంటూ. "పక్క తడుస్తాంది. పొద్దుగాల్ల లేసి నేనే పిండి ఆరేస్తాన. నీకు తెలిసిన మందేమన్న ఉంటె రాయి."

అది కొత్త ఉత్తరం కాదు, చాలా వారాల కిందటిది. కొత్తది వచ్చేదాకా పాతవి తీసి చదువుకోవడం ఆమెకు అలవాటు. అరుగు చుట్టూ కూర్చున్న ఆడవాళ్లు కూడా ఎప్పుడో విన్నట్టున్నారు. ఒకామె తొడిమ తుంచుతూనే తర్వాతి మాటకు ముందే నవ్వడానికి సిద్ధమై కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పద్మలతకు కూడా ఆ తర్వాతి మాట గుర్తుంది. ఆ మాట రాసి ఆమె కూడా ఒంటరిగా నవ్వుకుంది. ఇప్పుడు పరుగెత్తి వెళ్లి ఆ కాగితం లాగేసుకోవాలనిపించింది. అప్పటికే అమ్మ వేలు ఆ వరుస మీదికి జరిగింది.

"దుకాణంల కలెక్టరమ్మ లెక్క కూసుంటది గని, ఆమె లేసినంక కుర్చీ తుడిచేది నేనే."

ఆడవాళ్లు నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, పని మధ్యలో వచ్చే మామూలు నవ్వు. పద్మలత పక్కకు తిరిగి చూడలేదు. చూడాల్సిన అవసరం లేదు. మోచేతికి తగులుతూ నడుస్తున్న మనిషి ఆగిపోయిందని తెలుస్తూనే ఉంది. నేల చీలి తనను మింగేస్తే బాగుండునని పుస్తకాల్లో రాస్తారు కానీ, పద్మలతకు అనిపించింది అది కాదు. అత్తమ్మకు కూడా అమ్మలాగే చెవులు వినపడకపోతే బాగుండును అనిపించింది. అలా అనిపించినందుకు ఇంకా సిగ్గేసింది.

ముందుగా చూసింది పక్కింటి మొగిలమ్మ. ఆమె చేతులు మిరపకాయల్లోనే ఆగిపోయాయి. ఒకరి తర్వాత ఒకరు అందరూ తలెత్తి, అందరూ తలలు దించుకున్నారు. చివరగా చూసింది సమ్మమ్మ. బిడ్డను, వియ్యపురాలిని ఒక్కసారే చూసిన సంబరంలో ఉత్తరం మడిచి రవికెలో దోపుకుని లేచి ఎదురొచ్చింది. చెప్పకుండా వచ్చినందుకు కూతురిని తిట్టింది, ఎండలో నడిపించినందుకు ఇంకోసారి తిట్టింది, వదినె చేయి పట్టుకుని అరుగు మీదకు తీసుకొచ్చింది.

ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశారు. నిర్మల కూర్చోబోతుండగా మొగిలమ్మ గబగబా తన ఇంట్లోకి వెళ్లి పాత బొంత ఒకటి తెచ్చింది. దాన్ని మడతలు వేసి కుర్చీలో పరిచింది.

"జర మెత్తగ ఉంటది, కూసో అక్కా," అంది.

ఆమె కళ్లలో ఎగతాళి లేదు. అదే ఉంటే బాగుండేది. నిర్మల ఆ బొంత వంక చూసింది. మడతలు ఎన్ని వేశారో, ఎందుకు వేశారో చూసింది. తర్వాత దాని మీదే కూర్చుంది, వీపు నిటారుగా పెట్టి, గల్లా ముందు కూర్చున్నట్టే.

చాయ్ వచ్చింది. పొద్దుటి నుంచి గుక్కెడు నీళ్లు ముట్టని మనిషి గ్లాసు ఖాళీ చేసి ఇంకో గ్లాసు అడిగి తాగింది. దాచుకోవడానికి ఇక ఏముందన్నట్టు తాగుతోందని పద్మలతకు అర్థమైంది. గోడకు ఆనుకుని నిలబడి, కొంగు కొస మెలిపెడుతూ, అత్తగారు తాగే ప్రతి గుక్కా చూస్తూ ఉండిపోయింది.

ఆ తర్వాత నిర్మల కుంకుమ భరిణె తీసింది. సమ్మమ్మకు బొట్టు పెట్టింది. మొగిలమ్మకు పెట్టింది. తొడిమలు తీసే ఆడవాళ్లను ఒక్కొక్కరినే పిలిచి నవ్విన వాళ్లకు, నవ్వని వాళ్లకు కూడా పెట్టింది. ముహూర్తానికి అందరూ రావాలని, వచ్చినవాళ్లకు తన చేత్తో రవిక గుడ్డ పెడతానని చెప్పింది.

"కొత్త గల్లా మీద మొదలు నేనే కూసుంటాన. మీరు సూడాలె," అంది.

ఒకామె వంగి ఆమె కాళ్లకు మొక్కింది. పద్మలతకు డబ్బాలో ఉత్తరం పడిన చప్పుడు గుర్తుకొచ్చింది. శనివారం హాయిగా వినిపించిన చప్పుడే అది.

కాసేపటికి నిర్మల పెరట్లోకి నడిచింది, కాళ్లు కడుక్కుంటానని. పద్మలత సంచి పట్టుకుని వెంట వెళ్లింది. తొట్టిలోంచి చెంబుతో నీళ్లు ముంచి అత్తగారి పాదాల మీద పోసింది. నిర్మల పాదాలు రుద్దుకుంటూనే, గొంతు పెంచకుండా అడిగింది.

"మందు కోసం రాసినవ్. మంచిదే. కలెక్టరమ్మ అన్న మాట ఏ మందుకు రాసినవ్ పద్మా?"

ఉన్నది చెప్పాలంటే, ఆ మాట రాసినప్పుడు చాలా బాగుంది. దుకాణంలో పదిమంది ముందు అత్తగారు చీర మడత సరిగా పెట్టలేదని అన్న రోజు అది. సాయంత్రం ఆ మాట కాగితం మీద పెట్టేసరికి మనసు చల్లబడింది. అది అత్తగారికి చెప్పే మాట కాదు. చెంబు తొట్టి అంచున పెట్టి ఆమె కాళ్ల మీద పడబోయింది. నిర్మల భుజం పట్టి ఆపింది.

"నాకు కోపం వస్తలేదు. కోపమైతే నీ మీద పోసి ఊకుందు. సిగ్గయితాంది. ఈ సిగ్గు తీస్కపోయి ఎవ్వల మీద పొయ్యాలె?" చెంబు తానే అందుకుని మళ్లీ అంది. "నీకు చెప్పుకునేటందుకు అమ్మ ఉన్నది. నాకెవ్వలున్నరు? నువ్వే ఉంటివి."

పద్మలత సంచి భుజానికి ఎత్తుకుంది. ఇప్పుడే వెళ్లి, పలక మీద రాసి, అమ్మ ఎంత గట్టిగా చదువుతోందో అమ్మకు చెప్పేస్తానని, ఆ పాత ఉత్తరాలన్నీ తీసుకుని పొయ్యిలో పెడతానని అంది. సమ్మమ్మతో ఎవరైనా మాట్లాడాలంటే తమ్ముడి కూతురి పలక ఒకటి అరుగు మీద ఎప్పుడూ ఉంటుంది. నిర్మల వద్దంది.

"ఆమెకు తెలిస్తె మల్ల ఉత్తరం ముట్టది. వాడల తలెత్తది. ఒక్క ముసలిదాని ఇజ్జత్ పోయింది, సాలు. ఇంకో దానిది తియ్యకు."

తిట్టి ఉంటే పద్మలత తట్టుకునేది. ఎదురు మాట్లాడటానికి ఆమెకు కూడా ఏడాది పొడుగునా కూడబెట్టుకున్న మాటలు ఉన్నాయి. ఇట్లా తన తల్లి పరువు కూడా తనకంటే ముందు ఆమే కాపాడుతుంటే ఏం మాట్లాడుతుంది? సంచిలోని చీర తీసి ఇచ్చింది. నిర్మల అవసరం లేదని చేత్తోనే చెప్పింది.

"ఒక్కటి అడుగుత, నిజం చెప్పు," అంది కాళ్లు తుడుచుకుంటూ. "నా గురించి ఇంకేమన్న రాసినవా?"

చెప్పేయడానికి అంతకంటే మంచి సమయం దొరకదు. గల్లా సంగతి, రమాకాంత్‌తో తను అన్న మాట, కొత్త కుర్చీ ఎవరిదన్న మాట, అన్నీ నాలుక చివర దాకా వచ్చాయి. అత్తగారి మొహం చూసింది. ఆ మొహం మీద ఇవాళ ఇంకొక దెబ్బ వేయడం తన వల్ల కాదనుకుంది. అది జాలి అని కూడా అనుకుంది. నిజానికి అది భయం.

"ఏం లేదత్తమ్మా," అంది తొట్టిలో నీళ్లకేసి చూస్తూ.

నిర్మల కొంతసేపు ఆమెనే చూసి, కొంగు దులుపుకుని లోపలికి నడిచింది.

బండి వేళ అవుతోంది. పద్మలత సంచి సర్దుతూ లెక్కలు వేసుకుంటోంది. ఆ ఉత్తరం రేపు వస్తుంది. తమ్ముడికి ఫోను చేసి పోస్టుమన్ దగ్గరే తీసేసుకోమంటే సరి. టిఫిన్ సెంటర్ వదిలి వాడు రాలేనంటే మరదలిని బతిమాలాలి. ఏదో ఒకటి చేయవచ్చు. ముందు అత్తమ్మను రైలెక్కించాలి. వరంగల్ చేరితే చాలు, రమాకాంత్‌ను ఒప్పించి గల్లా ఆలోచనే మాన్పించవచ్చు. అప్పుడు ఆ ఉత్తరం ఎవరు విన్నా అబద్ధమే అవుతుంది.

సమ్మమ్మ వచ్చి కూతురి చేతిలో మిరపకాయల పొట్లం పెట్టింది. తల నిమిరింది. వియ్యపురాలి వైపు తిరిగి, ఈ పిల్లకు మాట్లాడే తీరిక లేదు కానీ ఉత్తరం మాత్రం వారం తప్పదని గొప్పగా చెప్పింది. మంగళవారం వచ్చిందంటే పోస్టుమన్ కోసం వాకిట్లోనే కూర్చుంటుందట. ఆ రోజు అన్నం కూడా ఉత్తరం చదివాకేనట.

"ఈ వారం ఏసినవా బిడ్డా?" అని అడిగింది, చిన్నపిల్లలాగా కూతురి మొహంలోకి చూస్తూ.

ఆ కళ్లకు లేదని ఎట్లా చెప్పాలి? పద్మలత ఆలోచించేలోపే తల ఊగింది, వేశానని. ఊగిన తలను వెనక్కి తీసుకోవడం కుదరదు. నిర్మల గుమ్మం దగ్గరే నిలబడి ఉంది.

నిర్మల అరుగు మీదికి వచ్చి పలక తీసుకుంది. ఇన్నేళ్లు బిల్లులు రాసిన చేయి, అక్షరాలు గుండ్రంగా పడ్డాయి. పద్మలత సంచి కింద పెట్టి ఒక అడుగు ముందుకు వేసింది. అప్పటికే పలక సమ్మమ్మ చేతుల్లో ఉంది.

సమ్మమ్మ వేలు పెట్టి చదివింది. బయట మిరపకాయల దగ్గర చేతులన్నీ ఆగిపోయాయి.

"వదినె, నేను ఇయ్యాల ఇక్కన్నే ఉంటాన. పద్మ ఇంటికి పోతది. రేపు ఉత్తరం రాంగనె నాకు గూడ చదివి వినిపియ్యి."

వియ్యపురాలు తన ఇంట్లో ఉంటాననడం సమ్మమ్మకు ఎంత సంతోషమో చెప్పలేం. పలక ఒళ్లో పెట్టుకుని, నిర్మల రెండు చేతులూ పట్టుకుంది. అంతలోనే కొంచెం సిగ్గుపడింది.

"ఉండు వదినె, నీ ఇల్లే ఇది. గని నాకు బయటికి చదువుడు అలవాటు లేదు, ఎప్పుడైన మనసులనే చదువుకుంట," అంది వాడంతా వినేట్టు. "నీ కోసం రేపు జర గట్టిగ చదువుత."